పాటకు పట్టా ఎవరి పేరున?

సంక్రాంతి పోయి వారమైంది. గండికోటలో జామా మసీదు, ధాన్యాగారం దాటి పెన్నేటి లోయ అంచుకు చేరేసరికి పొద్దు వాలుతోంది. బండల మీద ఒక అమ్మాయి ఫోనును స్టాండుకు తగిలించి పాడుతోంది. జమ్మలమడుగులో డిగ్రీ చదువుతోందట. గొంతు నిండుగా ఉంది. పాట అయ్యాక బాగా పాడావంటే సిగ్గుపడి, వెంటనే ఫోను తీసి పోయిన నెల పెట్టిన వీడియో చూపించింది. పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు. ఈ సంగీతం మీద హక్కు వేరొకరిదని కింద ఒక నోటీసు.

"నేనే పాడింది కదన్నా. గొంతు నాదే. మళ్ల వాళ్లదెట్లయితాది?"

అడగాల్సిన ప్రశ్నే. పాడేవాళ్ళ జీవితమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. కొందరు ఆడవాళ్ళు దీనికి జవాబు వెతుక్కుని నిలబడ్డారు. చాలామంది ఆ జవాబు తెలియకుండానే పాడుకుంటూ వెళ్ళిపోయారు.

భూమి, కూలి, గాదె

ఒక పాటలో నాలుగు వస్తువులుంటాయి. రాసిన మాట ఒకటి, కట్టిన బాణీ ఒకటి, పాడిన గొంతు ఒకటి. ఈ మూడూ కలిపి పట్టి ఉంచిన రికార్డు నాలుగోది. వినేవాళ్ళకు అన్నీ కలిసే వినిపిస్తాయి. కాగితాల మీద మాత్రం నాలుగూ వేరువేరు ఆస్తులు.

మన సీమ లెక్కలో చెప్పుకుంటే సులువు. మాట, బాణీ భూమి లాంటివి. ఒకసారి పట్టా అయితే ఏటా పంట వస్తుంది, యజమాని పోయినా పిల్లలకు అందుతుంది. గొంతు రెక్కల కష్టం. పని ఉన్నరోజు కూలి ముడుతుంది, లేనిరోజు లేదు. ఎంత గొప్పగా దున్నినా పొలం దున్నినవాడిది అయిపోదు. రికార్డు గాదె. పండిన పంటను నిలవచేసే చోటు. తాళంచెవి ఎవరి మొలలో ఉంటే గింజలు వాళ్ళు కొలుస్తారు. గండికోటలో ఆ పెద్ద ధాన్యాగారం చూసినవాళ్ళకు ఈ సంగతి విడమర్చి చెప్పనక్కర్లేదు. కోట ఎవరి చేతిలో ఉంటే గింజలు వాళ్ళవే.

ఆ అమ్మాయి పాడింది ఒక సినిమా పాట, వెనక పెట్టుకున్నది దాని కరోకే ట్రాకు. గొంతు తనదే. మాట, బాణీ, ట్రాకు మూడూ పరాయివి. నాలుగింట ఒకటి ఆమెది.

పేరున్నవాళ్ళకూ ఇదే లెక్క. 2017 మార్చిలో బాలసుబ్రహ్మణ్యం అమెరికాలో కచేరీలు చేస్తుండగా, తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని ఇళయరాజా నోటీసు పంపించాడు. దశాబ్దాల స్నేహం, కోట్లమంది గుర్తుపట్టే గొంతు. అయినా బాణీ కట్టినాయన ఇది నా పొలం అన్నప్పుడు బాలు కొన్నాళ్ళు ఆ పాటలు పక్కన పెట్టాడు. న్యాయం ఎవరి వైపున్నా, గొంతూ బాణీ వేరువేరు ఆస్తులని తెలుగువాళ్ళందరికీ తెలిసొచ్చింది ఆరోజే.

రాగిరేకుల మీద మిగిలింది

మాట, బాణీ, గొంతు మూడూ ఒకే మనిషివైతే ఆ మనిషిని మనవాళ్ళు వాగ్గేయకారుడన్నారు. ఈ కాలపు భాషలో సింగర్ సాంగ్‌రైటర్. ఈ నేలకు అది కొత్త సంగతేమీ కాదు. రాజంపేట పక్కన తాళ్ళపాక, పదిహేనో శతాబ్దం, అన్నమాచార్యులు. ఆయన కీర్తనలను వాళ్ళ కుటుంబం రాగిరేకుల మీద చెక్కించింది. తిరుమలలో ఒక అరలో పడి ఉన్న ఆ రేకులు ఇరవయ్యో శతాబ్దంలో బయటపడితేనే లోకానికి ఆ పాటలు మళ్ళీ దక్కాయి. రేకుల మీద మాట ఉంది, రాగం పేరు ఉంది, బాణీ మాత్రం లేదు. ఇవాళ మనం వింటున్న వరుసలు చాలావరకు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ మొదలుకొని తర్వాతివాళ్ళు కట్టినవి. రాసి పెట్టుకున్నది నిలిచింది, పెట్టుకోనిది గాలిలో కలిసింది.

ఆ ఇంట్లోనే తిమ్మక్క ఉంది. అన్నమయ్య భార్య. 'సుభద్రా కల్యాణం' రాసింది, పాడుకోవడానికి అనువైన ద్విపదలో. తెలుగులో తొలి కవయిత్రిగా ఆమెనే చెప్పుకుంటారు. మరో రెండు మూడు వందల ఏళ్ళకు తరిగొండలో వెంగమాంబ. చిన్నతనంలోనే భర్త పోతే, ఊరి కట్టుబాటుకు తలవంచకుండా తిరుమల చేరి యక్షగానాలు, ద్విపదలు, పాటలు రాసుకుంటూ బతికింది. తిరుమల ఏకాంతసేవలో తాళ్ళపాకవారి లాలి, తరిగొండవారి హారతి అని ఇప్పటికీ జంటగా చెప్పుకుంటారు. రాత్రి చివరి సేవలో ఒక ఆడమనిషి పేరు నిలిచి ఉండటం మామూలు పట్టా కాదు.

వీళ్ళవి మిగిలిన పేర్లు. మిగలని పేర్లే ఎక్కువ. జమ్మలమడుగు నల్లరేగడి చేలల్లో కలుపు తీస్తూ, రోకటి పోటుకు వంత పాడుతూ, ఉయ్యాల ఊపుతూ పాటలు కట్టిన ఆడవాళ్ళు ఎందరో. ఆ పాటలన్నింటినీ ఒక్క ముద్ర కిందికి తోసేశాం: జానపదం. కట్టినావిడ ఎవరో ఒకరు ఉండే ఉంటారు కదా అన్న ఆలోచన కూడా మనకు రాదు.

పులివెందుల పిలుపు, భానుమతి పాట

తర్వాత సినిమా వచ్చింది. మొదటి టాకీల్లో నటించేవాళ్ళే పాడాలి. 1940ల్లో ప్లేబ్యాక్ కుదురుకున్నాక మొహం ఒకరిది, గొంతు ఒకరిది అయింది. మాట ఒకరు రాస్తారు, బాణీ ఇంకొకరు కడతారు, అన్నీ కలిపి గాదెలో పోసుకునేది నిర్మాత. ఆడవాళ్ళకు మిగిలింది గొంతు, లేదంటే మొహం. రెండూ కూలి పనులే.

ఈ పంపకానికి ఒప్పుకోని మనిషి పి. భానుమతి. ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టింది. తండ్రి వెంకటసుబ్బయ్య సంగీతప్రియుడు, కూతురికి చిన్నప్పుడే పాట నేర్పించాడు. 1939లో 'వరవిక్రయం'లో కాళింది వేషంతో సినిమాల్లోకి వచ్చింది. 1943లో 'కృష్ణప్రేమ' తీస్తున్నప్పుడు అక్కడ సహాయ దర్శకుడిగా ఉన్న పి. ఎస్. రామకృష్ణారావును ఇష్టపడి పెళ్ళాడింది. ఇక సినిమాలు చాలు, సంసారం చేసుకుందాం అనుకుంది.

ఆ తలుపు తట్టింది కడప జిల్లా మనిషి. పులివెందుల ప్రాంతంలోని కొత్తపల్లెలో పుట్టిన బి. ఎన్. రెడ్డి. వాహినీ సంస్థ పెట్టి అప్పటికే 'వందేమాతరం', 'సుమంగళి', 'దేవత' తీసినాయన. 'స్వర్గసీమ'లో వేషానికి భానుమతే కావాలని భర్తను ఒప్పించి మరీ పిలిపించాడు. ఆ వేషం వీధుల్లో పాడుకునే సుబ్బిది. పట్నం చేరి, నాటకాల కంపెనీలో సుజాతాదేవిగా మారి, గొంతుతోనూ చూపుతోనూ ఊరిని ఊపేస్తుంది. 1945లో సినిమా వచ్చింది. అందులో పావురాన్ని పిలిచే పాట తెలుగు చెవులకు సరికొత్త. 'బ్లడ్ అండ్ శాండ్' అనే హాలీవుడ్ సినిమాలో విన్న ఒక స్పానిష్ తరహా పాట ఛాయలోంచి ఆ వరుస పుట్టింది. మాటలకు ముందే కూనిరాగం మనల్ని పట్టుకుంటుంది. కచేరీ పాట పాడే గొంతు కవ్వించే పాట కూడా అంత దర్జాగా పాడగలదని అప్పటికి ఎవరూ అనుకోలేదు. ఈ కూనిరాగాన్ని గుర్తుంచుకోండి, దీనితో ముందుముందు పని ఉంది.

ఆరేళ్ళకు మళ్ళీ బి. ఎన్. రెడ్డి, మళ్ళీ భానుమతి: 'మల్లీశ్వరి', 1951. కథ రాయల కాలానిది. గండికోటను పెమ్మసానివారు ఏలుతూ విజయనగరం పక్షాన కత్తి పట్టిన రోజులవి. మాటలు, పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రివి, సంగీతం సాలూరి రాజేశ్వరరావుది. ఇప్పటికీ తెలుగు సినిమా పాటలకు ఒరవడి ఏదంటే ఆ సినిమానే చూపిస్తారు.

అయితే ఈ రెండు సినిమాల్లోనూ భానుమతిది గొంతూ మొహమూ మాత్రమే. తనకది చాలలేదు. కొడుకు పేరున భర్తతో కలిసి భరణీ పిక్చర్స్ పెట్టింది, తర్వాత మద్రాసులో భరణీ స్టూడియో కట్టింది. 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళ, హిందీ మూడు భాషల్లో తీసింది. తెలుగులో దర్శకత్వం చేసిన తొలి మహిళ ఆవిడే. మరుసటి ఏడు 'చక్రపాణి'కి సంగీతం తానే చేసింది. బాణీ తనది, గొంతు తనది, సినిమా తమ సంస్థది. ఆ తర్వాత కూడా 'అమ్మాయి పెళ్ళి' లాంటి సొంత చిత్రాలకు బాణీలు కట్టుకుంది. పాటల్లో మాట ఎక్కువగా పరాయివాళ్ళదే, అది ఒప్పుకోవాలి. తన మాటను ఆవిడ కథల్లోకి మళ్ళించింది: 'అత్తగారి కథలు', ఆత్మకథ 'నాలో నేను'. ఆత్మకథకు జాతీయ పురస్కారం వచ్చింది. మద్రాసు ప్రభుత్వ సంగీత కళాశాలను కొన్నాళ్ళు నడిపింది. 1966లో పద్మశ్రీ, 2001లో పద్మభూషణ్. 2005 డిసెంబరు 24న కన్నుమూసేనాటికి తన మొహానికి పరాయి గొంతు, తన గొంతుకు పరాయి మొహం దాదాపుగా అంటనివ్వలేదు.

అందరూ ఆవిడకు పొగరన్నారు. సొంత పొలం ఉన్నవాడు గట్టు మీద నిలబడి మాట్లాడితే దర్జా అంటాం, ఆడమనిషి మాట్లాడితే పొగరంటాం.

దానికి ధర కూడా చెల్లించింది. బి. ఎన్. రెడ్డి తమ్ముడు నాగిరెడ్డి, నిర్మాత చక్రపాణి కలిసి నడిపిన విజయా సంస్థ 'మిస్సమ్మ' మొదలుపెట్టినప్పుడు ఆ వేషం భానుమతిదే. కొంత షూటింగు కూడా అయింది. చక్రపాణితో మాటామాటా వచ్చింది. ఆయన తగ్గలేదు, ఆవిడా తగ్గలేదు. వేషం సావిత్రికి వెళ్ళింది, 1955లో సినిమా విడుదలై ఆమెను శిఖరం మీద కూర్చోబెట్టింది. నష్టం భానుమతిదేనని ఇప్పటికీ చెప్పుకుంటారు. అందులో అబద్ధం లేదు. కానీ ఇంకో సంగతి చూడండి. సావిత్రికి అందులో పాడింది పి. లీల. భానుమతి ఖాళీ చేసిన ఒక్క చోటును నింపడానికి ఒక మొహం, ఒక గొంతు, ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది. ఆ ఇద్దరూ గొప్పవాళ్ళే. ఇద్దరిలో ఎవరికీ పాట మీద పట్టా లేదు.

ఆమె తర్వాత ఆ దారి రద్దీ అయిందా అంటే లేదు. 1995లో 'తాజ్‌మహల్'కు బాణీలు కట్టిన ఎం. ఎం. శ్రీలేఖ లాంటివాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. గాయనిగా తలుపులు తెరుచుకున్నంత తేలిగ్గా సంగీత దర్శకురాలిగా తెరుచుకోలేదు.

చట్టం ఏమంటుంది

మన కాపీరైటు చట్టం 1957 నాటిది. సినిమా కోసం డబ్బు తీసుకుని రాసిన మాటకూ కట్టిన బాణీకీ వేరే ఒప్పందం లేకుంటే నిర్మాతే యజమాని అని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. రాసినాయన, బాణీ కట్టినాయన ఒకసారి పారితోషికం పుచ్చుకుని లేచి వెళ్ళడమే. గాయని సంగతి ఇంకా తర్వాత. పాడేవాళ్ళకు ఒక హక్కంటూ ఉందని చట్టం గుర్తించింది 1994లో.

2012లో పెద్ద మార్పు వచ్చింది. సినిమా హాల్లో ఆడేటప్పుడు తప్ప, రేడియోలో, టీవీలో, ఫోనులో, హోటల్లో పాట ఎక్కడ మోగినా వచ్చే రాయల్టీలో కవికీ స్వరకర్తకూ సమానవాటా ఉండాలి. ఆ వాటాను వాళ్ళు వదులుకుంటున్నామని సంతకం పెట్టినా చెల్లదు. వారసులకు రాయవచ్చు, లేదంటే వసూలు చేసిపెట్టే కాపీరైటు సంఘానికి అప్పగించవచ్చు. అంతే. కవులకూ స్వరకర్తలకూ అలాంటి సంఘం ఐపీఆర్‌ఎస్, 1969 నుంచి ఉంది. గాయనీగాయకులకు వాణిజ్య వాడకంలో రాయల్టీ హక్కును కూడా చట్టం 2012లోనే రాసుకుంది. మరుసటి ఏడు వాళ్ళకూ ఒక సంఘం పుట్టింది.

ఈ హక్కులు ఎంత వేరువేరుగా నడుస్తాయో 'మల్లీశ్వరి'తోనే చూద్దాం. రికార్డు మీద హక్కు విడుదలైన మరుసటి ఏడు నుంచి 60 ఏళ్ళు. 1951 సినిమా కాబట్టి 2011తో తీరిపోయింది. మాట మీద, బాణీ మీద హక్కు మనిషి పోయాక కూడా 60 ఏళ్ళు ఉంటుంది. కృష్ణశాస్త్రి 1980లో పోయారు, మాటకు 2040 చివరిదాకా కాపలా. రాజేశ్వరరావు 1999లో పోయారు, బాణీకి 2059 చివరిదాకా. గాదె తలుపు తెరుచుకుని పదేళ్ళు దాటింది, పొలం మాత్రం ఇంకా కంచెలోనే ఉంది. పాత పాట కదా అని గండికోట గట్టు మీద పాడి వీడియో పెట్టినవాళ్ళకు నోటీసు ఎందుకొస్తుందో ఇప్పుడు అర్థమవుతుంది. భానుమతి 'చక్రపాణి'కి కట్టిన బాణీల ఆయుష్షు 2065 చివరిదాకా. అదే ఆవిడ 'స్వర్గసీమ' గొంతుకు ఆరోజు పుచ్చుకున్న డబ్బు తప్ప చట్టం ఏమీ రాయలేదు.

అమెరికాలో మరో కూనిరాగం

'స్వర్గసీమ' కూనిరాగాన్ని గుర్తుంచుకోమన్నాను కదా. ఆ గొంతుకు దక్కని పట్టా ఇంకో కూనిరాగానికి ఎలా దక్కిందో ఇప్పుడు చూద్దాం.

సుజాన్ వేగా అని న్యూయార్కు పాటగత్తె. తానే రాసి, తానే బాణీ కట్టి పాడుకుంటుంది. 'టామ్స్ డైనర్' అనే ఆమె పాట 1987 ఆల్బములో వచ్చింది. ఒక్క వాయిద్యం లేదు, ఒట్టి గొంతు, చివర్లో మాటలు లేని కూనిరాగం. మూడేళ్ళకు డీఎన్‌ఏ అనే ఇద్దరు బ్రిటిష్ కుర్రాళ్ళు అడగకుండానే దానికి తాళం తగిలించి వదిలారు. ఆమె కంపెనీ దాన్ని చట్టబద్ధం చేసుకుంది, పాట ప్రపంచమంతా మోగింది. 2014లో ఫాలౌట్ బాయ్ అనే అమెరికన్ బృందం 'సెంచురీస్' పాటలో ఆ కూనిరాగాన్ని వాడుకుంది. పాట రచయితల జాబితాలో సుజాన్ వేగా పేరు ఎక్కించారు. ఎప్పుడో కూనిరాగం తీసిన మనిషికి పట్టా నిలిచే ఉంది మరి.

అదే జాబితాలో ఒక తెలుగు అమ్మాయి పేరుంది. శ్వేత యల్లాప్రగడ రావు. లోకం ఎరిగిన పేరు రాజకుమారి. కాలిఫోర్నియాలో క్లేర్‌మాంట్‌లో తెలుగు ఇంట పుట్టి, కూచిపూడి, భరతనాట్యం, ఒడిస్సీ నేర్చుకుని, ర్యాప్ వైపు వచ్చింది. తన మొహంతో తెర మీదికి రాకముందు కొన్నేళ్ళు ఇతరుల కోసం పాటలు రాసింది. 'సెంచురీస్' రచనలో పాలుపంచుకున్నందుకు, అమెరికాలో ఐపీఆర్‌ఎస్ లాంటి సంఘమైన బీఎంఐ ఇచ్చే పురస్కారం అందుకుంది. మన ఊళ్ళలో ఆమె పేరు వినకముందే ఆమె మాట అమెరికా స్టేడియాల్లో మోగింది. ఆ తర్వాత 2016లో 'ది కమ్ అప్', ముంబయి ర్యాపర్ డివైన్‌తో 'సిటీ స్లమ్స్'. పెద్ద కంపెనీలతో పనిచేశాక గాడ్‌మదర్ రికార్డ్స్ పేరుతో సొంత సంస్థ పెట్టుకుంది. 2023లో 'ది బ్రిడ్జ్' ఆల్బము తెచ్చింది. ముందు పట్టా, తర్వాత సొంత గాదె. భానుమతి భరణీతో నడిచిన దారే, వరుసా ఊరూ కాలమూ వేరు.

గాదె పోయినా పొలం ఉంటే మనిషి ఎలా లేస్తాడో టేలర్ స్విఫ్ట్ చూపించింది. 2019లో ఆమె మొదటి ఆరు ఆల్బముల మాస్టర్ రికార్డులు ఆమెకు ఇష్టంలేని చేతుల్లో పడ్డాయి. పాటలు రాసుకున్నది తనే కాబట్టి అవే పాటలు మళ్ళీ పాడి, 2021 నుంచి 2023 వరకు నాలుగు ఆల్బములు కొత్తగా రికార్డు చేసింది. జనం కొత్త గాదె దగ్గరికే వచ్చారు. 2025 మేలో పాతవాటినీ కొనుక్కుంది. ఒట్టి గాయని అయి ఉంటే ఇందులో ఒక్క అడుగు కూడా వేయగలిగేది కాదు.

గొంతు మాత్రమే ఉన్నవాళ్ళు తక్కువవాళ్ళని కాదు. సుశీల, జానకి, లీల గొంతులు లేకుంటే మన ఇళ్ళు మూగవే. అంత గొప్ప కష్టానికి కూడా పట్టా లేకపోయిందే అన్నదే బాధ.

తేదీ వేసుకో

ఇదంతా ఆ సాయంత్రం ఆ అమ్మాయికి వరుసగా చెప్పలేకపోయాను. పొలం, కూలి, గాదె వరకు చెప్పాను. వాళ్ళ నాయన కౌలు చేస్తాడట, చప్పున అందుకుంది.

"అట్లయితే నాది కౌలు కూడా కాదన్నా. కూలి లేని కూలి."

ఏం చేయాలని అడిగింది. తెలిసినంత చెప్పాను. సొంతంగా రాసిన మాటకు, కట్టిన బాణీకి పుట్టిన నిమిషం నుంచే హక్కు ఉంటుంది. దానికి ఏ ఆఫీసుకూ పోనక్కర్లేదు. కాకపోతే రేపు ఎవరైనా కాదంటే చూపించడానికి రుజువు ఉండాలి. స్నేహితులతో కలిసి చేస్తే, పాట పుట్టిన రోజే ఎవరి వాటా ఎంతో కాగితం మీద పెట్టుకోవాలి. పాట మోగాక పంచుకుందాం అంటే ఆ స్నేహాలు నిలవవు. పాట బయటికొచ్చి నలుగురూ వాడుకునే స్థితి వచ్చాక ఐపీఆర్‌ఎస్‌లో చేరవచ్చు. ఎవరైనా కంపెనీవాళ్ళు కాగితం ఇస్తే అందులో గొంతు అడుగుతున్నారా, రికార్డు అడుగుతున్నారా, మాట బాణీ కూడా అడుగుతున్నారా అని నాలుగు వేళ్ళు మడిచి చూసుకోవాలి.

"రాసిందొకటి ఉందన్నా," అంది చాలాసేపటికి. సంచిలోంచి కాలేజీ నోటుబుక్కు తీసింది. వెనక పేజీల్లో, కెమిస్ట్రీ లెక్కల అవతల, పెన్సిలుతో రాసిన పాట. చేలో పని ముగించుకుని వచ్చి అరుగు మీద కూర్చునే వాళ్ళ అవ్వ గురించి. కరోకే లేదు, ట్రాకు లేదు. లోయ వైపు తిరిగి పాడింది. సినిమా పాట పాడినప్పటి ధీమా లేదు. రెండు చోట్ల బాణీ తడబడింది, ఒకచోట ఆగి మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. వింటున్నంతసేపూ ఇంకెవరి పాటా గుర్తుకు రాలేదు నాకు.

అయ్యాక పేజీ కింద పేరు రాయమన్నాను, తేదీ వేయమన్నాను. రాసింది. నోటుబుక్కు మూయబోతుంటే ఫోను కూడా ఆన్ చేసి ఇంకోసారి పాడమన్నాను.

"ఎందుకన్నా, రాసినా కదా?"

"కాగితం మీద మాట ఉంటుందమ్మా, బాణీ ఉండదు. తాళ్ళపాకవాళ్ళ దగ్గర రాగిరేకులైతే ఉండె గానీ, ఫోను లేకపాయె."

నవ్వి, స్టాండు సరిచేసుకుంది. వెలుతురు ఇంకా కాస్త మిగిలి ఉంది.